మంట్‌జాక్ జింకల్ని వేటాడితే తగ్గుతాయా? తగ్గుతాయి, కానీ ఇలా కాదు

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. నార్తాంప్టన్‌లో మీ కొత్త ఇంటి తోటలోకి కుక్కంత జింకలొచ్చి గులాబీ మొగ్గలు కొరుక్కుపోతున్నాయి, వాటిని వేటాడి చంపాల్సిందేనని పక్కింటాయన అంటున్నాడు, చంపకుండా దారి లేదా అన్నది ఒకటి. చంపితే మాత్రం తగ్గుతాయా అన్నది రెండోది. మొదటిదానికి నా జవాబు, మీ తోట వరకైతే కంచె ఉంది, జింకల సంఖ్య తగ్గాలంటే మాత్రం చంపకుండా దారి లేదు. రెండోదానికి, ఇప్పుడు చంపుతున్న పద్ధతిలో తగ్గవు, పద్ధతి మారిస్తే తగ్గుతాయి. పన్నెండేళ్ళుగా మిల్టన్ కీన్స్‌లో ఉంటున్నాను. అయిదేళ్ళుగా చలికాలం శనివారాలు దగ్గర్లోని ఒక అడవిలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. చదివి చెప్పేది కొంత, కళ్ళతో చూసింది ఎక్కువ.

మీ తోటకొచ్చేది రీవ్స్ మంట్‌జాక్. దాని పుట్టిల్లు చైనా, తైవాన్. ఈస్టిండియా కంపెనీ తరఫున చైనాలో తేయాకు పరీక్షించే ఉద్యోగం చేసిన జాన్ రీవ్స్ పేరు దానికి పెట్టారు. ఇంగ్లండుకు తెచ్చింది వోబర్న్ ఎస్టేటు యజమాని బెడ్‌ఫర్డ్ డ్యూకు, 19వ శతాబ్దం చివర్లో. మా ఇంటి నుంచి వోబర్న్ కారులో ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి కొన్ని తప్పించుకున్నాయి, కొన్నిటిని కావాలనే వదిలారు, తర్వాత వేరే జిల్లాలకు కూడా మనుషులే తీసుకెళ్ళి వదిలారు. మన పాపికొండల్లో, నల్లమలలో ఉండే మొరిగే జింకకు ఇది దాయాది. అక్కడ దాని వెనక చిరుత ఉంది, రేచుకుక్కల గుంపు ఉంది. ఇక్కడ ఉన్నదల్లా నక్క, అదీ పసిపిల్ల దొరికితేనే. తోడేళ్ళు ఈ దేశంలో లేకుండా పోయి కొన్ని వందల ఏళ్ళు.

ఇక ఇది పిల్లల్ని ఈనే సంగతి. ఆడది ఏడెనిమిది నెలల వయసుకే ఎదకొస్తుంది. ఏడు నెలలు మోస్తుంది. ఈనిన కొద్ది రోజులకే మళ్ళీ చూలు కడుతుంది. దీనికి ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేదు. మిగతా జింకలకు ఇక్కడి 1991 జింకల చట్టంలో వేట నిషేధించిన నెలలున్నాయి. మంట్‌జాక్‌కు లేవు, ఎందుకంటే పిల్ల లేని కాలమంటూ దానికి ఒకటి ఉంటే కదా నిషేధించడానికి.

మా అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఉంటుంది. నేనీ పనికి వెళ్తున్నానని తెలిసినప్పుడు ఫోన్లో, "లేడిపిల్లల జోలికి పోకురా నాన్నా, సీతమ్మవారికే కలిసిరాలేదు" అంది. ఆ మాట చాలా రోజులు నాలో ఉండిపోయింది. నేను కూడా మొదట చంపడానికి వ్యతిరేకినే. మారింది అడవిలో.

మేం అక్కడ చేసే పని హేజెల్ చెట్లను మొదలంటా నరకడం. చంపడానికి కాదు, మోడు నుంచి మళ్ళీ గుబురుగా చిగురిస్తాయని. ఇంగ్లండ్ అడవుల్ని శతాబ్దాలుగా ఇలాగే సాకారు. నరికిన చోట ఎండ నేలను తాకుతుంది, బ్లూబెల్, ప్రిమ్‌రోజ్ పూస్తాయి. రెండు మూడేళ్ళకు పొదలు అల్లుకుంటే నైటింగేల్ లాంటి పిట్టలకు గూడు పెట్టుకునే చోటు దొరుకుతుంది. మొదటి చలికాలం ఇరవైమందిమి చేతులు బొబ్బలెక్కేలా ఎకరం దాకా నరికాం. జూన్‌లో వెళ్ళి చూస్తే ప్రతి మోడు మీదా చిగుళ్ళు మొదట్లోకి కొరికేసి ఉన్నాయి, అరిగిపోయిన చీపురుకట్టల్లాగా. మరుసటేడు మళ్ళీ చిగురించాయి, మళ్ళీ కొరికాయి. మూడోసారికి కొన్ని మోళ్ళు చచ్చిపోయాయి. వందేళ్ళ పైబడిన వేళ్ళు అవి.

ఈ జంతువు తెలివి కూడా చెప్పాలి. నోటికి అందని సన్నని మొక్క కనిపిస్తే, దాన్ని కొరికి, వంచి, విరిచి, తల నేలకు తెచ్చి ఆకులు తింటుంది. ఒకసారి నా కళ్ళ ముందే చేసింది. అక్కడ అడవిలో నేల నుంచి మోకాలి పైదాకా పచ్చదనమే ఉండదు, గీత గీసినట్టు. కేంబ్రిడ్జ్‌షైర్‌లో మాంక్స్ వుడ్ అనే అడవి ఇలాగే మంట్‌జాక్‌ల చేత చిక్కి, నేల మీది పచ్చదనాన్ని బ్లూబెల్ పూగుత్తులతో సహా పోగొట్టుకుంది. అక్కడ 1998లో వేట మొదలుపెట్టాకే జింకలు తగ్గి, నేల మెల్లగా కోలుకోవడం మొదలైంది. మెల్లగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. జింక తగ్గిన మర్నాడు పువ్వు రాదు.

ఇప్పుడు నేను చూసిన ఉదయం గురించి.

మా అడవిలో వేటకు అనుమతి ఉన్నది ఒకే ఒక్క పెద్దాయనకు. డెబ్బై దాటాయి, ఒకప్పుడు ఎలక్ట్రీషియన్. ఈ పనికి ఆయనకు ఎవరూ పైసా ఇవ్వరు. ఒక ఫిబ్రవరి శనివారం నన్ను వెంట రమ్మన్నాడు. చీకట్లోనే వెళ్ళి మంచె ఎక్కాం. ఇక్కడ దాన్ని హై సీట్ అంటారు గానీ, మన జొన్నచేలో మంచె లాంటిదే, కాకపోతే ఇనుముది. అంత ఎత్తు దేనికంటే, పైనుంచి కాలిస్తే గుండు జింకను దాటినా నేలలోనే దిగుతుంది. వెనకాల మట్టి కనిపించకపోతే ట్రిగ్గర్ మీద వేలే పెట్టనని ముందే చెప్పాడు. ఆ అడవి గుండా నడకదారి ఉంది, కుక్కల్ని తిప్పుకునేవాళ్ళు వస్తుంటారు. సూర్యోదయానికి గంట ముందు నుంచీ కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది, అంతకుముందు రాత్రి కిందే లెక్క. చేతి వేళ్ళు కొయ్యబారిపోయాయి. గంటన్నర కదలకుండా కూర్చున్నాం.

మొదట ఒక మగది వచ్చింది. పొట్టి కొమ్ములు, పైపెదవి కిందికి దిగిన రెండు కోరలు, కళ్ళ ముందు నల్లటి గ్రంథులు. నలభై గజాల్లో పక్కకు తిరిగి నిలబడింది. ఆయన తుపాకీ ఎత్తలేదు. ఎందుకని నేను కళ్ళతోనే అడిగితే తల అడ్డంగా ఊపాడు. అది వెళ్ళిపోయింది. ఇంకో ఇరవై నిమిషాలకు ముళ్ళపొదలోంచి ఆడది బయటికొచ్చింది. దాన్ని బైనాక్యులర్‌లో ఎంతసేపు చూశాడంటే, నాకు విసుగొచ్చేంత. పొట్ట చూస్తున్నాడు. వెనక కాళ్ళ మధ్య పొదుగు చూస్తున్నాడు. తర్వాత ఒక్కటే దెబ్బ. సైలెన్సర్ ఉన్నా ఆ చప్పుడు నా గుండెలో తగిలింది. జింక ఇరవై అడుగులు పరిగెత్తి కూలింది.

దిగి వెళ్ళేసరికి ప్రాణం పోయి ఉంది. ఆయన కంటిపాప తాకి చూసుకుని, తర్వాత అక్కడే పొట్ట చీల్చి పేగులు తీశాడు. మాంసం పాడవకుండా ఇది వెంటనే చెయ్యాలి, లోపల గ్రంథుల్లో రోగం జాడలున్నాయేమో కూడా చూడాలి. గర్భసంచి బయటికొచ్చింది. అందులో పిల్ల. నెలలు దాదాపు నిండిన పిల్ల. ఒంటి మీద వెంట్రుకలు, వాటి మీద తెల్లచుక్కలు, అరచేతిలో పట్టే గిట్టలు. నేను వెళ్ళి ఒక మొద్దు మీద కూర్చుండిపోయాను. మా అమ్మ మాటే చెవుల్లో ఉంది.

ఆయన చేతులు తుడుచుకుని నా పక్కనే కూర్చున్నాడు. నిండు చూలాలినే ఎందుకు ఎంచుకున్నాడో అప్పుడు చెప్పాడు. మంట్‌జాక్ ఆడది ఈనగానే మళ్ళీ చూలు కడుతుంది గనక, నిండు చూలుతో ఉందంటే దాని వెనకటి పిల్లకు అప్పటికే ఆరేడు నెలలుంటాయి, అది తన మేత తను చూసుకోగలదు. అదే సన్నగా, పొట్ట లేకుండా కనిపించే పెద్ద ఆడదాన్ని కొడితే, దాని పాలు తాగే పిల్ల ఎక్కడో ముళ్ళకంప కింద పడుకుని ఉంటుంది. తల్లి కోసం రెండు మూడు రోజులు చూసి చస్తుంది. "అది నీ కంటికి కనిపించదు, అంతే తేడా" అన్నాడు. అందుకే కొడితే నిండు చూలాలినో, ఇంకా ఈనని పడ్డనో కొట్టాలి. ఆయన సొంతంగా పెట్టుకున్న నియమం కాదిది, ఇక్కడ శిక్షణలో చెప్పేదే. చెప్పినదాన్ని ఆ చలిలో, అంతసేపు, ఓపిగ్గా పాటించేవాణ్ణి చూడటం వేరు. చూసి బాధపడే పని, చూడకుండా జరిగిపోయే క్రూరత్వం కంటే మెరుగని ఆ రోజు నుంచి నమ్ముతున్నాను.

మగదాన్ని ఎందుకు వదిలేశావని అప్పుడడిగాను. ఒక మగది పోతే ఆ జాగాలోకి ఇంకో మగది వస్తుంది, పుట్టే పిల్లల్లో ఒక్కటి కూడా తగ్గదు అన్నాడు. పశువుల కొట్టం చూసినవాడికి ఎవరికైనా తెలిసే లెక్క ఇది. కానీ ఇక్కడ చాలామంది వేటగాళ్ళు చేస్తున్నది దీనికి తలకిందులు. కోరలున్న పుర్రె గోడకు తగిలించుకోవాలి, ఫొటో దిగాలి, దానికి మగది కావాలి. అలాంటివాళ్ళు ఏడాదికి యాభై కొట్టినా అడవికి ఒరిగేది సున్నా. వేట పేరుతో వినోదం చేసుకుని, మేం జింకల్ని అదుపు చేస్తున్నాం అని చెప్పుకోవడం నాకు మంటెక్కిస్తుంది.

లెక్క ఇంకా ఉంది. నార్ఫక్, సఫక్ సరిహద్దులో థెట్‌ఫర్డ్ అడవి ఉంది. ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం వాళ్ళు రాత్రిళ్ళు చీకట్లో చూసే పరికరాలతో, 1,140 మైళ్ళకు పైగా బండి మీద తిరిగి అక్కడి రో అనే ఇంకో జాతి జింకల్ని, మంట్‌జాక్‌లని లెక్కపెట్టారు. 2013లో ఫలితాలు చెప్పారు. అప్పటికే అక్కడ ఏటా వేట సాగుతోంది. అయినా పుట్టేవాటికీ చంపేవాటికీ పొంతన లేదు. మిగులు జింకలు చుట్టుపక్కల ఊళ్ళ మీదికి పాకిపోతున్నాయి. అదుపులో ఉండాలంటే ఏటా 50 నుంచి 60 శాతం దాకా తీసేయాలని తేల్చారు. సగానికి పైగా! మన మంచెమీది పెద్దాయన ఒక్కడు, వారానికి ఒక ఉదయం, ఒక జింక. చెప్పండి ఎలా సరిపోతుంది?

ఇక్కడ నాకు మా నాన్న గుర్తొస్తాడు. మాది డెల్టా, వరి. ఎలకలు పొట్ట మీదున్న పైరును కొరికి పారేసేవి. మా నాన్న నూకల్లో నూనె, బ్రోమోడయోలోన్ మందు కలిపి, పొట్లాలు కట్టి బొరియల్లో పెట్టేవాడు. 96 పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు మందు, ఆ కొలత నాకిప్పటికీ నోటికొచ్చు. మా చేలో ఎలకలు చచ్చేవి. పది రోజులకు పక్కచేలోంచి మళ్ళీ దిగేవి. ఒక ఏడు వ్యవసాయ శాఖ వాళ్ళొచ్చి ఊరంతా ఒకే రోజు పెట్టండి, గట్లు, కాలవ కట్టలు, బంజరు ఏదీ వదలొద్దు అని టముకు వేయించారు. ముందురోజు బొరియలన్నీ మట్టితో మూసి, తెల్లారి తెరుచుకున్నవాటిలోనే మందు పెట్టించారు. ఆ ఏడు పంట నిలబడింది. ఎలకకు సర్వే నంబరు తెలియదు. మంట్‌జాక్‌కూ తెలియదు.

మా అడవికి ఆనుకుని ఒక ప్రైవేటు స్థలం ఉంది. చుట్టూ రోడోడెండ్రాన్ పొదలు, దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. దాని యజమాని వేటకు ఒప్పుకోడు. పైగా చలికాలం జింకలకు తొట్టిలో మేత పోస్తాడు. మంచి మనిషే, జీవకారుణ్యం అనుకునే చేస్తున్నాడు. కానీ ఆ కారుణ్యం ఖరీదు మా బ్లూబెల్ కట్టింది, మా హేజెల్ మోళ్ళు కట్టాయి. మేం ఇటు కొడుతుంటే అటు నుంచి దిగుతూనే ఉంటాయి. ఇంగ్లండ్‌లో జింక ఎవరి ఆస్తీ కాదు, కాల్చే హక్కు మాత్రం స్థలం యజమానిది. అంటే ఆయన ఒప్పుకోనంతవరకు మాలాంటివాళ్ళం ఏమీ చెయ్యలేం. ఈ చట్టం మారాలి. పక్క అడవి నాశనమవుతున్నప్పుడు వేటకు ఒప్పుకోవడమో, కంచె వేసి తన జింకల్ని తన దగ్గరే ఉంచుకోవడమో, రెండిట్లో ఒకటి యజమాని మీద తప్పనిసరి చెయ్యాలి.

చంపకుండా దారి అన్నారు. పట్టుకుని వేరేచోట వదలడం నేరం, ఇది బయటి నుంచి వచ్చి పాడుచేసే జాతుల జాబితాలో ఉంది. అయినా ఎక్కడ వదులుతారు, ఇంకొకరి అడవిలోనేగా? పిల్లలు పుట్టకుండా మందు పెట్టొచ్చు కదా అంటారు. మేతలో కలిపితే ఏ జంతువు తింటుందో ఎవరు చూడొచ్చారు? సూది వేయాలంటే దగ్గరికి పోవాలి. అంత దగ్గరికి పోగలిగినవాడు ఏటా వేల సంఖ్యలో పట్టి వెయ్యాలి. ఇవి గుంపులుగా తిరిగే జింకలు కూడా కావు, ఒంటరిగానో జంటగానో పొదల్లోనే ఉంటాయి.

మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒకసారి ఈ మాట ఎత్తితే, ఇండియాలో జింకను కొడితే జైలు, ఇక్కడ మీరు సిగ్గు లేకుండా చెబుతున్నారు అని ఒకాయన నా మీద విరుచుకుపడ్డారు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతున్నది ఆ నేలకు చెందిన జింకను, దాన్ని తినే పులితో సహా. అలాగని మన దగ్గర సమస్య లేదా? అండమాన్‌కు వెళ్ళి చూడండి. అక్కడ లేని చుక్కల జింకను గత శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వాళ్ళు తెచ్చి వదిలారు. తినే జంతువు లేదు. దీవుల మీద అడవి మొలకల్ని మొలకల్లోనే తినేస్తున్నాయి. మన చట్టం దానికి అక్కడ కూడా రక్షణ ఇస్తుంది. డ్యూకు వోబర్న్‌లో చేసిందీ, ఆ దొరలు అండమాన్‌లో చేసిందీ ఒకటే పని. తెలంగాణలో పంటలు తవ్వేస్తున్న అడవిపందుల్ని లైసెన్సున్న షూటర్లతో కాల్పించడానికి ప్రభుత్వమే అనుమతులిచ్చింది. ఆ రైతుల్ని ఎవరైనా పాపాత్ములు అంటారా?

ఇంకో బాధ, మాంసం గురించి. ఇంత జింక ఈ దేశంలో పడుతుంటే, మా దగ్గరి సూపర్‌మార్కెట్‌లో న్యూజిలాండ్ జింక మాంసం ప్యాకెట్ చూశాను. సగం భూగోళం దాటి వచ్చింది! పెద్దాయన కొట్టినదానికి టోకు వ్యాపారి ఇచ్చేది పెట్రోలుకు కూడా చాలదు. మంట్‌జాక్ చిన్నది, బాగా తూగే మగది కూడా పద్దెనిమిది కిలోలు దాటదు, తోలు, ఎముక పోతే మిగిలేది తక్కువ, కొయ్యడానికి పట్టే పని మాత్రం పెద్ద జింకకు పట్టినంతే. అందుకే చాలామంది దాని జోలికే పోరు. జనం కొనుక్కుని తింటే వేటగాడికి నాలుగు డబ్బులొస్తాయి, డబ్బులొస్తే పదిమంది మంచెలెక్కుతారు. ఆ రోజు పెద్దాయన నాకొక తొడ ఇచ్చాడు. కొవ్వు అస్సలు ఉండదు, మేక మాంసంలా వేయిస్తే పీచైపోతుంది. రాత్రంతా పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లిలో నానబెట్టి, కుక్కర్లో ఉడికించి, దించాక గోంగూర కలిపాను. డబ్బా గోంగూరే, ఇక్కడ అంతకన్నా దొరకదు. మా పిల్లలు రెండోసారి పెట్టించుకున్నారు. వండుతున్నంతసేపూ ఆ చుక్కల పిల్ల గుర్తొచ్చింది. అందుకే ఒక్క ముక్క కూడా పారెయ్యనివ్వలేదు.

నేను ఇప్పుడు జింకల వేట సర్టిఫికెట్ మొదటి స్థాయి కోర్సులో చేరాను. తుపాకీ లైసెన్సు పోలీసులిస్తారు. కాల్చడానికి అనుమతి ఉన్న స్థలం చూపించాలి, డాక్టరు కాగితం కావాలి, ఇంటికొచ్చి తుపాకీ దాచే బీరువా బిగించిన తీరు చూస్తారు. నెలలు పడుతుంది. పడనివ్వండి, ఆ జాగ్రత్త ఉండాల్సిందే. పెద్దాయనకు మోకాళ్ళు నొప్పులు, మంచె ఎక్కడం ఈ ఏడు కష్టమైంది. ఆయన మానేస్తే మా అడవికి ఇంకెవరూ లేరు. పక్క స్థలం యజమాని దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి కంచె దాకా వచ్చి, అటూ ఇటూ నేల చూసి, ఆలోచిస్తానన్నాడు.

మీ తోట విషయానికొస్తే, ఇళ్ళ మధ్య తుపాకీ మాట మర్చిపోండి. కంచె వెయ్యండి. ఎత్తు మీటరున్నర ఉండాలి, వల కన్ను 75 మిల్లీమీటర్లకు మించకూడదు, అడుగున నేలకు గట్టిగా బిగించాలి, ఎందుకంటే ఇది దూకడం కంటే కింద నుంచి దూరడమే ఎక్కువ. గులాబీలకు ముందు చిక్కుడు పాదును కాపాడుకోండి, లేత తీగ రాత్రికి రాత్రే పోతుంది. ఏప్రిల్ చివరి వారంలో వీలుంటే మా అడవికి రండి. పరీక్ష కోసం పది అడుగుల చదరం చుట్టూ వల కట్టి ఉంచాం. కాసేపు వల లోపల చూడండి, కాసేపు బయట చూడండి.